కంపాలాలో మా మేస్త్రి

మా మేస్త్రి పోయారు.

మొన్న గురువారం పొద్దున బెజవాడ ఆటోనగర్‌లో ఒక లారీ వెనక తలుపు మీద అక్షరాలు దిద్దుతున్నాను. ఫోన్ మోగింది. మేస్త్రి భార్య. ఆవిణ్ణి నేను అక్కా అని పిలుస్తాను. "తమ్ముడూ, మీ మేస్త్రి వెళ్ళిపోయారు. టీ తాగుతా తాగుతా గోడకి ఆనుకున్నారు, అంతే" అంది. గొంతులో ఏడుపు లేదు. "బండి మీద కంగారుగా రామాకు. మెల్లిగా రా" అని కూడా చెప్పింది.

బ్రష్షు కడిగాను. మళ్ళీ కడిగాను. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసేవాళ్ళకి సంగతి చెబితే వాళ్ళు కరెంటు కట్టేశారు. వాళ్ళ పక్క షెడ్డువాళ్ళు సుత్తులు కింద పెట్టారు. కాసేపటికి మా వీధి వీధంతా చప్పుడు లేకుండా అయిపోయింది. ఆటోనగర్‌లో పట్టపగలు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

ఆ సాయంత్రం వన్‌టౌన్ సందుల్లోంచి ఆయన్ని మోసుకెళ్ళేటప్పుడు నేనూ భుజం పట్టాను. ఒక పెద్దాయన నా వైపు చూసి, "నువ్వు వాళ్ళబ్బాయివా?" అని అడిగాడు. కాదన్నాను. మరేమవుతావని అడిగితే చెప్పలేకపోయాను. ఆ మాటకి జవాబుగానే ఇది రాస్తున్నాను. ఆయన గురించి చెప్పాలంటే నా గురించి దాచిపెట్టుకున్న సంగతి ఒకటి చెప్పాలి. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఆటోనగర్ బయట ఆయన ఎవరికీ తెలియదు. బస్సు బాడీలు కట్టే మేస్త్రి. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న అస్థిపంజరం వస్తుంది. దాని మీద గోడలు, కప్పు, సీట్లు, కిటికీలు అన్నీ ఇక్కడే కడతారు. మీరెప్పుడైనా బస్సులో కూర్చుని కిటికీ అద్దం నెడితే అది ఇరుక్కోకుండా జారిందంటే, ఆయన లాంటి ఒకరు ఆ గాడిని వేలితో నాలుగుసార్లు తడిమి చూసుకున్నారని అర్థం. నేను పెయింటర్ని. చల్లపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చాను. లారీల మీద, బస్సుల మీద పేర్లు రాస్తాను. ఆయన కట్టినదాని మీద నేను రాసేవాణ్ణి. మా ఇద్దరికీ చుట్టరికం అదే.

నాకు పెళ్ళైన రెండో ఏడు, ఒక ఏజెంటు ఆటోనగర్‌కి వచ్చాడు. ఉగాండా దేశంలో కంపాలా అనే ఊళ్ళో బస్సు బాడీలు కట్టే షెడ్డు ఉందట, రెండేళ్ళ అగ్రిమెంటట. మేస్త్రి వయసు అప్పటికే యాభై దాటింది. "ఇన్నాళ్ళూ బస్సులు కట్టి పంపించటమేగానీ మనం ఏ బస్సెక్కీ ఎక్కడికీ పోలేదు గదరా పెయింటరూ. వస్తావా?" అని అడిగారు. మా ఆవిడకి అప్పుడు అయిదో నెల. వెళ్ళనా అంటే వెళ్ళమంది.

విమానం దిగి కారులో ఊళ్ళోకి వెళ్తుంటే నాకు గుర్తున్నది రెండే. ఒకటి ఎర్ర మట్టి. రోడ్డు పక్కన, గోడల అడుగున, పిల్లల కాళ్ళ మీద, ఎక్కడ చూసినా పసుపూ సున్నమూ కలిపినట్టు ఎర్రగా. రెండోది చల్లదనం. బెజవాడ ఎండలో పుట్టి పెరిగిన మేస్త్రి కారు అద్దం దించి చెయ్యి బయట పెట్టి, "వీళ్ళకి దేవుడు ఊరంతా ఏసీ పెట్టాడ్రా" అన్నారు. ఆ కారులోనే యజమాని మనిషి పర్మిట్ కోసం అని మా పాస్‌పోర్టులు తీసుకున్నాడు. నవ్వుతూనే ఇచ్చాం.

షెడ్డు ఊరి చివర పల్లంలో ఉండేది. చుట్టూ ఎత్తైన గోడ, గోడ మీద ముళ్ళతీగ, ఒక ఇనప గేటు. షెడ్డు వెనకే మా గది. పనికీ పడకకీ మధ్య ఇరవై అడుగులు. యజమాని మన దేశంవాడే. హిందీలో మాట్లాడేవాడు, చాలా మర్యాదగా. "బయట మీకు భాష రాదు, దొంగలుంటారు, మీ మంచికే" అని గేటుకి తాళం వేయించేవాడు. ఆదివారం మాత్రం పొద్దున్నుంచి మూడింటిదాకా బయటికి వదిలేవాడు. గేటు దగ్గర ఒక ముసలి కాపలాదారు కూర్చునేవాడు. ఆయన ఇల్లు ఎక్కడో ఉత్తరాన, ఏడాదికోసారి వెళ్తాడట. మొదటి వారం నేను ఆ ముసలాయన్ని తిట్టుకుంటుంటే మేస్త్రి ఊరుకోలేదు. "తాళం వేసేవాణ్ణి తిడితే ఏమొస్తది? తాళంచెవి ఎవరి జేబులో ఉందో చూడు" అన్నారు.

నేను గది పట్టుకుని కూర్చుంటే ఆయన గేటు పట్టుకుని కూర్చునేవారు. పని ఆపి చేతులు కడుక్కోగానే కాపలాదారు పక్కన ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని, ఆ ముసలాయనకి వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ తనకొచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలూ కలిపి మొదలుపెట్టేవారు. గేటుకి ఎదురుగా ఒకావిడ బొగ్గుల మీద అరటిపళ్ళు కాల్చి అమ్మేది. వాళ్ళిద్దరి దగ్గరే ఆయన ఆ ఊరి భాష నేర్చుకున్నారు. ఆ ఊళ్ళో ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోవటం పెద్ద తతంగం. ఎలా ఉన్నావు, ఇంట్లో ఎలా ఉన్నారు, రాత్రి ఎలా గడిచింది, అన్నీ అడగాలి, అన్నిటికీ ఊఁ కొట్టాలి. ఆ తర్వాతే అసలు సంగతి. నాకది విసుగు. మేస్త్రికి పండగ.

ఒకరోజు బోల్టులు బిగిస్తుంటే కాపలాదారు మేస్త్రి పక్కగా వెళ్తూ "జెబాలే కో" అన్నాడు. అర్థమేంటని మేస్త్రి వెంటపడి అడిగారు. పనిచేస్తున్న మనిషి ఎవరు కనబడినా అలా అనాలట. నీ పనికి నా దండం అన్నట్టు. తెలిసినవాడే కానక్కర్లేదు, ఊడ్చేవాడైనా సరే, ఇటుకలు మోసేవాడైనా సరే. మేస్త్రి పానా కిందపెట్టేశారు. "ముప్పై ఏళ్ళు పని చేశాన్రా ఆటోనగర్‌లో. ఎప్పుడవుద్ది, ఎప్పుడిస్తావు అని అడిగినవాడేగానీ ఈ మాటన్నవాడు ఒక్కడు లేడు" అన్నారు. ఆ రోజంతా ఆయన మొహం వెలిగిపోతూ ఉంది.

నా పని కూడా ఆయన చేతిలో పడింది. అక్కడి వ్యానుల వెనకాల, బస్సుల నుదుటి మీద మన లారీల మీద లాగే సూక్తులు రాస్తారు. యజమాని మనిషి కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ళ మాటలు రాసిస్తే నేను బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి. "అర్థం తెలీకుండా ఎట్లా రాస్తావురా? అక్షరం కుంటుద్ది" అనేవారు మేస్త్రి. కాగితం తీసుకెళ్ళి గేటు సందులోంచి అరటిపళ్ళావిడకి చూపించేవారు. ఆవిడ చదివి నవ్వి చెప్పేది. ఒకదాని అర్థం 'అమ్మా నీకు దండం'. ఇంకోదాని అర్థం 'మెల్లమెల్లగా'. అర్థం తెలిసి రాసినవాటి అక్షరాలు నిజంగానే నిలబడ్డాయి.

ఆదివారాలు మాత్రం మావి. పొద్దున నేను చర్చికి వెళ్తే ఆయన మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరించేవారు. లోపల పాటల రాగాలు మా పల్లె చర్చిలోవే, మాటలు మాత్రం వాళ్ళవి. నాకు ఏడుపొచ్చేది. బయటికొచ్చాక చపాతీలో ఆమ్లెట్ చుట్టి అమ్మే బండి దగ్గర చెరొకటి తినేవాళ్ళం. ఉడికించిన పచ్చి అరటికాయ ముద్ద తిన్నాం, వేరుశనగ పులుసుతో. మేస్త్రి దాన్ని వేళ్ళతో కలిపి, "ఇది మన కూరరా, వీళ్ళు అన్నం చేసుకున్నారు" అని తేల్చారు. చెత్తకుప్పల మీద మనిషంత పక్షులు నిలబడి ఉండేవి, బట్టతలలు, వేలాడే గొంతు సంచులు. పింఛను కోసం లైన్లో నిలబడ్డ పెద్దమనుషుల్లా ఉన్నాయనేవారు. వ్యానులు ఆగేచోట వందల వ్యానులు ఒకదానికొకటి అంటుకుని ఉండేవి. అవి ఎలా బయటికొస్తాయా అని ఆయన గంటసేపు నిలబడి చూశారు. ఒక్కటీ గీసుకోలేదట.

ఒక ఆదివారం కొండ మీది పెద్ద మసీదుకి తీసుకెళ్ళారు నన్ను. ఎవరైనా మీనారు ఎక్కి ఊరు చూడొచ్చు. మెట్లెక్కేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. పైనుంచి చూస్తే అన్నీ కొండలే, కొండల మీద ఇళ్ళే, మధ్యలో చెట్లు, ఎర్రటి దారులు. ఆయన వేలుపెట్టి కొండలు లెక్కపెట్టారు. నేను మా షెడ్డు కోసం వెతికాను. పల్లం వైపంతా రేకుల కప్పులు మెరుస్తున్నాయి. ఏది మాదో తెలియలేదు.

"ఏం వెతుకుతున్నావు?" అని అడిగారు.

"మన గోడ మేస్త్రీ. కనపడట్లేదు."

"ఇంత పెద్ద ఊళ్ళో అదెంతని! కనపడదు. వెతకమాకు. ఇటు చూడు" అని నా గడ్డం పట్టుకుని రెండోవైపు తిప్పారు. అటు దూరంగా, సముద్రం అనుకునేంత చెరువు మెరుస్తోంది.

మూడింటికి మళ్ళీ గేటు దగ్గరున్నాం.

ఆ ఊళ్ళో నన్ను బాగా కుంగదీసింది గోడ కాదు, పొద్దు. అది భూమధ్యరేఖని ఆనుకున్న ఊరు. ఏడాది పొడుగునా సూర్యుడు ఒకే వేళకి లేచి ఒకే వేళకి దిగిపోతాడు. ఎండాకాలం లేదు, చలికాలం లేదు. మావిడికాయ ఎప్పుడొచ్చిందో, ముసురు ఎప్పుడు పట్టిందో చూసి నెలలు గుర్తుపట్టేవాణ్ణి నేను. అక్కడ అన్ని రోజులూ ఒకటే రోజు. మధ్యాహ్నం వాన, సాయంత్రం వెలుతురు, ఠక్కున చీకటి. "ఇక్కడ సూర్యుడు కూడా షిఫ్టు డ్యూటీ చేస్తాడు" అని మేస్త్రి నవ్వేవారుగానీ, రోజులు కదలటం లేదన్న భయం ఆయనకీ ఉండేది. కొత్త బస్సు మొదలుపెట్టినప్పుడల్లా గోడ మీద గీత గీసేవారు, కాలం పోతోందని తనకి తాను నమ్మకం చెప్పుకోవటానికి.

నేను వెళ్ళిన నాలుగో నెలలో మాకు పాప పుట్టింది. ఫోన్లో చూశాను. రెండేళ్ళకి అది మాటలు నేర్చింది. ఫోన్‌ని చూపించి నాన్న అనేది. ఫోన్ మోగకపోయినా, నల్లగా ఉన్నా, దాన్నే నాన్న అనేది.

అగ్రిమెంటు రెండేళ్ళూ అయ్యాయి. మేం అడిగాం. పాస్‌పోర్టులు లాయరు దగ్గరున్నాయన్నాడు యజమాని. నెల తర్వాత అడిగితే పర్మిట్లు అయిపోయాయన్నాడు. "ఇప్పుడు మీరు బయట అడుగు పెడితే జైలు. నేనే కాపాడుతున్నాను" అన్నాడు, అదే మర్యాదతో. ఆ ఆదివారం నుంచి గేటు తెరవలేదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఇంగ్లీషులో ఏమని చెప్పాలో మా ఇద్దరికీ తెలియదు. జైలు అన్న మాట చాలు, నోరు మూతపడిపోయింది. నాలుగు నెలలు అలా గడిచాయి. నేను అన్నం తినటం తగ్గించాను. మేస్త్రి కంచం తెచ్చి నా పక్కన కూర్చుని తాను తినకుండా చూసేవారు. తినక తప్పేది కాదు.

ఒక సాయంత్రం యజమాని షెడ్డులోకి వచ్చాడు. ఒక పాస్‌పోర్టు పని మాత్రం అవుతుందన్నాడు. కొత్త ఆర్డరు వచ్చింది, అది పూర్తయ్యేదాకా ఒకరు ఉండాలి, ఎవరు వెళ్తారో మీరే తేల్చుకోండన్నాడు. మేస్త్రి నా వైపు చూడలేదు. చేతిలో కొలబద్ద ఉంది. దాన్ని చూస్తూ, "వీడిది ఇవ్వండి" అన్నారు హిందీలో.

నేనేమీ అనలేదు.

చదివేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. వద్దు మేస్త్రీ, మీరు పెద్దవాళ్ళు, మీరు వెళ్ళండి, అని ఒక్క మాట అనొచ్చు. ఆయన ఒప్పుకునేవారు కాదనుకోండి, అయినా మర్యాదకైనా అనొచ్చు. నాకు ఆ మాట గొంతుదాకా వచ్చింది. అంటే ఆయన సరే అంటారేమోనని భయపడ్డాను. మింగేశాను.

వెళ్ళేరోజు పొద్దున ఆయన నా పెట్టె గేటుదాకా మోశారు. "ఇంట్లో చెప్పమాకు. మీ అక్క కంగారుపడుద్ది. పని ఉండి ఆగానని చెప్పు" అన్నారు. కాపలాదారు తాళం తీశాడు. నేను బయటికి అడుగు పెట్టాక గేటు మళ్ళీ మూశాడు. అది మామూలు చప్పుడే, రెండేళ్ళుగా విన్నదే. ఆయన లోపల, నేను బయట ఉండగా వినటం అదే మొదటిసారి.

బెజవాడ వచ్చి, మూడోరోజు మేస్త్రి ఇంటికి వెళ్ళాను. కొండవాలు మెట్లెక్కి పైన ఇల్లు. అక్క సేమ్యా పెట్టింది. "ఎప్పుడొస్తారు తమ్ముడూ?" అని అడిగింది.

"వచ్చే నెల అక్కా. పని ఉండి ఆగారు."

ఆవిడ సంతోషంగా తలూపింది. ఆ తలూపటం చూశాక నేను ఆ మెట్లెక్కలేదు. వన్‌టౌన్‌లో పనుంటే వేరే సందులోంచి తిరిగి వెళ్ళేవాణ్ణి. మా చర్చిలో ఒక పెద్దాయన నా సంగతి కొంత విని, "సోమవారం సోమవారం కలెక్టరు గారికి అర్జీ ఇవ్వొచ్చు బాబూ, విదేశంలో చిక్కుకున్నవాళ్ళకి అక్కడి మన ఆఫీసువాళ్ళు సాయం చేస్తారు" అని చెప్పాడు. నేనొచ్చిన మొదటి నెలలోనే చెప్పాడు. వెళ్ళలేదు. ఆయన అక్కడుంటే నువ్వెలా వచ్చావని అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి. ఇంట్లో చెప్పొద్దని ఆయనే అన్నారు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆ మాట నాకు గొడుగులా పనికొచ్చింది.

మేస్త్రి ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపేవారు. వాటిలో ఫిర్యాదు ఉండేది కాదు. "ఇవాళ వడగళ్ళు పడ్డాయిరా, రేకుల మీద చప్పుడు వింటావా" అని ఫోన్ పైకెత్తి వినిపించేవారు. "అరటిపళ్ళావిడకి మనవడు పుట్టాడు. గేటు కింద సందులోంచి వాడి కాలు చూపించింది." "ఇవాళ ఎదురుగా పెళ్ళి ఊరేగింపు పోయింది. నాకు చెప్పులే కనపడ్డాయి. మంచి చెప్పులు." నేను వినేవాణ్ణి, అవునండీ మేస్త్రీ అని రెండు మాటలు టైపు చేసేవాణ్ణి. పాప పక్కన ఆడుకుంటూ ఉండేది. ఫోన్లోంచి ఆయన గొంతు వినపడగానే అది పరుగెత్తుకొచ్చి, "తాత" అనేది. దాని నాన్న ఫోన్లోంచి బయటికొచ్చాడు, ఆ ఖాళీలోకి తాత వెళ్ళాడు.

పది నెలలు. ఒకరోజు మధ్యాహ్నం అక్క ఆటోనగర్‌కి వచ్చింది. షెడ్డు ముందు ఎండలో నిలబడింది. నేను నిచ్చెన మీదున్నాను.

"దిగు తమ్ముడూ" అంది.

దిగాను.

"నిన్న మాట్లాడుతుంటే ఆయన వెనక వాన చప్పుడు. బయటికెళ్ళి కూరగాయలు తెచ్చుకున్నారా అనడిగితే, గేటు అని ఏదో అనబోయి ఆపేశారు. ముప్పై ఏళ్ళ కాపరం. ఆయన ఎక్కడ ఆపుతారో నాకు తెలుసు. నువ్వు చెప్పు. ఆ గేటేంటి?"

చెప్పాను. తాళం, పాస్‌పోర్టులు, ఒక్కరే వెళ్ళాలన్న సంగతి, నేను మాట్లాడకపోవటం, అర్జీ సంగతి తెలిసీ వెళ్ళకపోవటం, అన్నీ. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అనుకున్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "ఇవాళ శుక్రవారం. సోమవారం ఎన్నింటికి తీసుకుంటారు అర్జీలు?" అని అడిగింది.

సోమవారం ఎనిమిదింటికే వెళ్ళాం. అర్జీ నేనే రాశాను. జీవితంలో అంత జాగ్రత్తగా అక్షరాలు రాయలేదు. కౌంటరు దగ్గర ఉద్యోగి చదివి, నేను భయపడిన ప్రశ్నే అడిగాడు. "మరి నువ్వెలా వచ్చావయ్యా?"

నేను నోరు తెరిచేలోపు అక్క అంది: "మా ఆయన పంపించారండీ."

అయిదారు వారాల తర్వాత కంపాలాలోని మన దేశపు ఆఫీసు నుంచి ఆ యజమానికి ఒక ఫోన్ వెళ్ళింది. ఆ సాయంత్రమే పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికొచ్చింది. లాయరూ లేడు, జైలూ లేదు. పర్మిటుకి కట్టాల్సిన జరిమానా ఏదో యజమానితోనే కట్టించారట. ఒక్క ఫోన్.

మేస్త్రి వచ్చారు. సగమయ్యారు. నేను వెంటనే వెళ్ళలేదు. రెండు నెలలు తప్పించుకున్నాను. చివరికి ఆయనే షెడ్డుకి వచ్చి, నేను రాస్తున్న లారీ పక్కన నిలబడి, "జెబాలే కో" అన్నారు. బ్రష్షు డబ్బాలో పెట్టేశాను. టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి నేను దాచుకున్నదంతా ఆయనకి చెప్పాను.

"తెలుసు. మీ అక్క చెప్పింది" అన్నారు.

"కోపం రాలేదా మేస్త్రీ?"

"వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటది? మూడ్రోజులు నీ పేరు తలుచుకుని అన్నం మానేశాను. నాలుగోరోజు ఆకలేసింది." టీ ఊదుకుని తాగారు. తర్వాత నెమ్మదిగా, నా వైపు చూడకుండా, "ఆరోజు షెడ్డులో నువ్వు ఒక్క మాట అనుంటే నేను వెళ్ళిపోయేవాణ్ణిరా. మీరెళ్ళండి మేస్త్రీ అంటావేమోననే నీ వంక చూడకుండా కొలబద్ద చూస్తా నిలబడ్డా. నువ్వు అనలేదు. అల్లా దయ అనుకున్నా" అన్నారు.

అది నా కోసం అన్న మాటా, నిజంగా జరిగిందా, నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన ఆటోనగర్‌లో పని చేశారు. కంపాలా కబుర్లు చెప్పేవారు, కొండలూ పక్షులూ పలకరింపులూ. తాళం సంగతి ఎన్నడూ చెప్పలేదు. కుర్రాళ్ళందరూ మేస్త్రి సరదాగా దేశం తిరిగొచ్చారనుకునేవారు. నాకు ఆ ఊరి పేరు వింటేనే ఊపిరాడేది కాదు. ఒకసారి అదే అన్నాను. "ఆ ఊరేం చేసిందిరా మనల్ని? కట్టేసింది ఒక్కడు. ఆ ఒక్కడి కోసం అంత మంచి ఊరిని పోగొట్టుకోమంటావా?" అన్నారు. రోడ్డు ఊడ్చేవాళ్ళు కనబడితే బండి ఆపి ఆ "జెబాలే కో" మాటే అనేవారు. వాళ్ళు బిత్తరపోయి చూస్తే తెలుగులో, "కష్టపడుతున్నారమ్మా, దండం" అనేవారు. ఇంట్లో మాత్రం పగలు తలుపు వెయ్యనిచ్చేవారు కాదట. దోమలొస్తాయని అక్క గొడవపెట్టినా సరే. స్నానాలగదికి గడియ పీకించేశారు. ఆ సంగతి అక్క నాకు ఆయన పోయాకే చెప్పింది.

ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఏళ్ళ తరబడి పీల్చిన ఇనప పొగ, రంగు పొడి. కొండవాలు మెట్లు దిగలేక ఆరు నెలలు ఇంట్లోనే ఉన్నారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళేవాణ్ణి. మంచం వాకిట్లోకి లాక్కుని కింద వీధి చూస్తూ ఉండేవారు. పోయినవారం వెళ్తే, "కిందికి దింపుతావా? బస్టాండుకి పోదాం" అన్నారు. ఎక్కడికి వెళ్ళాలని అడిగాను. "ఎక్కడికీ లేదు. బస్టాండుకే" అన్నారు.

నేనూ, పక్కింటాయనా కలిసి కుర్చీలో దింపాం. ఆటోలో బస్టాండుకి వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నారు. మైకులో ఊళ్ళ పేర్లు వినపడుతూనే ఉన్నాయి. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన ఒక్కో బస్సునీ ముందు నుంచి వెనకదాకా చూశారు. చాలాసేపటికి లేచి, నా భుజం పట్టుకుని, ఎదురుగా ఆగిన అవనిగడ్డ బస్సు దగ్గరికి నడిచారు. పక్క రేకు మీద అరచెయ్యి పెట్టారు. ఇంజను ఆన్‌లో ఉంది, రేకు సన్నగా అదురుతోంది. కిటికీ పక్క సీట్లో ఒడిలో మూట పెట్టుకున్న ఒకావిడ అద్దం జరిపి తల బయటపెట్టింది.

"ఏంటండీ, ఏమన్నా మర్చిపోయారా?"

మేస్త్రి లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. మాట్లాడటానికి ఊపిరి చాల్లేదు. వెళ్ళండమ్మా అన్నట్టు చెయ్యెత్తారు. కండక్టరు విజిలేశాడు. బస్సు వెనక్కి జరిగి, తిరిగి, గేటు వైపు కదిలింది. ఆవిడ ఎవరో ఏమిటో తెలియకపోయినా కిటికీలోంచి తనూ చెయ్యి ఊపింది. బస్సు రోడ్డెక్కి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. ఆయన ఇంకా చెయ్యెత్తే ఉన్నారు.